షియర్‌లో ఎల్‌సీపీ అణువులు నిజంగా వరసలో పడుకుంటాయా, పల్టీలు కొడతాయా?

కనెక్టర్_కష్టాలు
అందరికీ నమస్తే. మాది చర్లపల్లి సైడ్ చిన్న మోల్డింగ్ షాపు, కనెక్టర్ హౌసింగులు పోస్తాం, మెటీరియల్ లిక్విడ్ క్రిస్టల్ పాలిమర్ (ఎల్‌సీపీ), 30 పర్సెంట్ గ్లాస్ గ్రేడు, పిన్నుల మధ్య గోడలు 0.3 మిమీ ఉంటాయి. మెటీరియల్ అమ్మినాయన చెప్పిందేంటంటే ఇందులో అణువులు కడ్డీల్లా బిగుసుకుని ఉంటాయి, స్క్రూ తోసి షియర్ (పొర మీద పొర జారే ఫ్లో) తగలగానే అన్నీ ఫ్లో వైపు తిరిగి వరసగా పడుకుంటాయి, అందుకే అంత పల్చగా పారుతుంది, అందుకే ఫ్లో దిశలో అంత బలం అని. వినడానికి బానే ఉంది. కానీ పార్టు అడ్డంగా కోసి చూస్తే బయట పొర ఒకలా లోపల ఇంకోలా కనిపిస్తోంది, గోరు పెట్టి లాగితే పొరలు లేస్తున్నాయి, పైగా వెల్డ్ లైన్ (రెండు వైపుల నుంచి వచ్చిన మెటీరియల్ కలిసి అతికే గీత) దగ్గర పిన్ను దోపగానే టప్పుమని పగులుతోంది. మా పెద్దమ్మ కొడుకు పాలిమర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు, వాడినడిగితే “షియర్ వల్ల వరసలో పడతాయని ఎవరన్నారు, అవి పల్టీలు కొడుతుంటాయి” అని ఫోన్ పెట్టేశాడు. ఇద్దర్లో ఎవరి మాట పట్టుకోవాలి? కాస్త మోల్డింగ్ వాడికి అర్థమయ్యేలా చెప్పండి.

గోదారిగట్టు
నాకు ప్లాస్టిక్కుల గురించి ఏమీ తెలీదండి, కానీ కాలవలో గడ్డిపరక వేస్తే అది నీళ్లు పోయే వైపుకే తిరిగి పోతుంది కదా. ఇందులో పీహెచ్‌డీ చెయ్యాల్సినంత డౌటు ఏముందండీ?

రియాలజీ_బాబాయ్
గట్టు గారూ, ఈసారి కాలవ దగ్గరికెళ్తే నడిమధ్యలో కాకుండా ఒడ్డు పక్కన చూడండి. ఒడ్డుకి ఆనుకుని నీళ్లు దాదాపు కదలవు, జానెడు లోపలికి వెళ్తే జోరు, అంటే పరకకి ఒక కొస మెల్లగా లాగబడుతుంది రెండో కొస గట్టిగా లాగబడుతుంది, దాంతో అది తిరుగుతుంది, ప్రవాహం వైపుకి రాగానే నెమ్మదిస్తుంది, చాలాసేపు అలాగే పడుకుని ఉన్నట్టు కనిపిస్తుంది, మీరు ‘ఇంక సెటిలైంది’ అనుకునే లోపు మళ్లీ ఒక పల్టీ. ఆగదు. పరకకి ఎంతో కొంత మందం ఉంది కాబట్టి పై వైపు నీళ్ల వేగం కింది వైపు కంటే ఎక్కువ, ఆ చిన్న తేడా చాలు దాన్ని మళ్లీ లేపడానికి. 1922లో జెఫరీ లెక్క కట్టింది ఇదే. రెండు పలకల మధ్య 1 మిమీ ఖాళీ ఉందనుకోండి, పై పలక 1 మిమీ జరిగితే దాన్ని ఒక షియర్ యూనిట్ అందాం. పొడవు మందానికి 10 రెట్లున్న కడ్డీ ఒక పూర్తి చుట్టు తిరగాలంటే పై పలక 63 మిమీ జరగాలి, 100 రెట్లున్న కడ్డీ అయితే 628 మిమీ. చుట్టు తిరగడానికి లెక్కలోకొచ్చేది పలక ఎంత దూరం జరిగిందన్నదే, ఎంత జోరుగా జరిగిందన్నది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. షియర్ అనేది ఒకే పని కాదు, రెండు పనులు కలిపి చేస్తుంది. సగం సాగదీస్తుంది, 45 డిగ్రీల వాలులో. మిగతా సగం ఊరికే తిప్పుతుంది. ఈ రెండూ సరిగ్గా సమానం, అదే ఇబ్బంది. సాగదీత కడ్డీని ఒక దిశలోకి తెద్దామని చూస్తుంది, తిప్పుడు దాన్ని అక్కడ ఉండనివ్వదు. ఒట్టి సాగదీత మాత్రమే ఉండే ఫ్లోలో, అంటే మెడ సన్నబడే గొట్టంలోనో, బయటికొచ్చిన దారాన్ని లాగేటప్పుడో, ఈ పేచీ ఉండదు, కడ్డీ సాగే దిశకి వచ్చి అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ‘షియర్ వరసలో పెడుతుంది’ అన్న మాట విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే, అది నిజంగా షియరేనా, సాగదీతని షియర్ అంటున్నారా అని.

వరంగల్_పాలిమర్
బాబాయ్ చెప్పింది ఒంటి కడ్డీ ముచ్చట, అది కరెక్టే, కానీ ఎల్‌సీపీల కడ్డీలు ఒంటిగ ఉండవు కదా. ఇరుకుల ఉంటయ్. 1949ల ఆన్‌సాగర్ చూపెట్టిండు, కడ్డీల మధ్య ఆకర్షణ ఏం అవసరం లేదు, ఒకదాంట్లకెళ్లి ఇంకోటి పోలేదు అన్న ఒక్క రూలు చాలు, ఇరుకు పెరిగితే వాటంతటవే ఒక దిక్కు మళ్లుతయ్ అని. పొడవు మందానికి 100 రెట్లుంటే వాల్యూమ్‌ల సుమారు 4 పర్సెంట్ దాటంగనే మొత్తం నెమాటిక్ అయితది, అంటే ద్రవమే గని కడ్డీలు ఒక దిక్కు మళ్లి ఉంటయ్. అంటే కనెక్టర్ అన్నా, నీ బ్యారెల్‌ల స్క్రూ తిరగకముందే, కరిగిన మెటీరియల్ ఊకెనే ఉన్నప్పుడే, పక్కపక్క అణువులు ఒకదానికొకటి వరసల ఉంటయ్. ఆ వరస ఫ్లో ఇచ్చింది కాదు. కాకపోతే ఒక మైక్రాన్ సైజు ప్రాంతంల వరస ఇటు, పక్క ప్రాంతంల అటు, మొత్తం మీద చూస్తే ఏ దిక్కూ ఉండదు. ప్రతి ప్రాంతానికి ఒక సగటు దిక్కు ఉంటది, దాన్ని డైరెక్టర్ అంటరు. ఫ్లో చేసే పని ఈ డైరెక్టర్లని తిప్పుడే. ఇగ ప్రశ్న ఏందంటే, గుంపు మొత్తం కలిసి ఒక దిక్కుకు వచ్చి ఆగుతదా, గుంపు మొత్తం కలిసే పల్టీ కొడ్తదా?

కనెక్టర్_కష్టాలు
ఆగుతుందా కొడుతుందా చెప్పు తమ్ముడూ, సస్పెన్స్ వద్దు 😀

వరంగల్_పాలిమర్
రెండూ ఉంటయ్ అన్నా, మెటీరియల్‌ని బట్టి. ఎరిక్సన్, లెస్లీ అని ఇద్దరు 1960లల్ల దీనికి సమీకరణాలు రాసిండ్రు, అందుల ఆరు విస్కాసిటీలు వస్తయ్, 1970ల పరోడి వాటి మధ్య ఒక సంబంధం చూపెడ్తే లెక్కకు ఐదు మిగిలినయ్. అవన్నీ ఇడిచిపెట్టు, డైరెక్టర్ ఎటు పోతదో చెప్పేది ఒక్క నంబరు, లాంబ్డా. ఒకటి కంటే ఎక్కువుంటే డైరెక్టర్ ఫ్లో దిక్కుకు కొంచెం వాలుగ వచ్చి ఆగుతది. 1.02 అనుకో, 5.7 డిగ్రీల వాలుల ఆగుతది. ఒకటి కంటే తక్కువుంటే ఆగే జాగనే ఉండదు. 0.98 అనుకో, సుమారు 32 షియర్ యూనిట్లకొకసారి సగం చుట్టు తిరుగుతది. సగం చుట్టే ఎందుకంటే కడ్డీకి తల తోక తేడా లేదు, సగం తిరిగితే మళ్ల మొదటి లెక్కనే కనపడ్తది. చూడు, 1.02కి 0.98కి తేడా ఎంతున్నదో, ఒకటేమో ఆగుతది ఇంకోటి జన్మల ఆగదు. ఎల్‌సీడీ పరిశోధనల అందరు వాడే ఫైవ్‌సీబీ అనే చిన్న అణువు ఆగే రకం. దాని తమ్ముడు ఎయిట్‌సీబీ చల్లబడి స్మెక్టిక్ (అణువులు పొరలు పొరలుగ పేర్చుకునే స్థితి) దగ్గరికి వస్తుంటే పల్టీల రకం అయితది. కడ్డీ పాలిమర్ ద్రావణాలల్ల ఎక్కువ కనపడేది పల్టీలే.

డిస్క్ లెక్క ఉండే అణువులకైతే ఈ నంబరు మైనస్‌ల ఉంటది. అది వేరే థ్రెడ్డు. డిస్క్ లిక్విడ్ క్రిస్టళ్లు మనోళ్లు 1977ల బెంగుళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్‌ల కనిపెట్టిండ్రు, చంద్రశేఖర్, సదాశివ, సురేశ్. ఎవరికన్న ఇంట్రెస్ట్ ఉంటే చెప్పుండ్రి.

ఫ్లెక్స్_బోర్డు
ఇదంతా ల్యాబ్ ద్రావణాల కథ. పీబీజీ అనే కడ్డీ పాలిమర్‌ని క్రెసాల్ అనే ద్రావకంలో కలిపి జీవితాంతం అదే తిప్పారు మన ప్రొఫెసర్లు. కరిగించి పోసే ఎల్‌సీపీ వేరు, దానికీ దీనికీ ముడిపెట్టకండి, అతను ఫ్యాక్టరీలో ఉన్నాడు.

రియాలజీ_బాబాయ్
ఆ ‘అదే తిప్పడం’ వల్లే ఈ రంగంలో అసలు తమాషా బయటపడింది బాబూ, విను. మామూలు పాలిమర్ ద్రావణాన్ని కోన్ ప్లేట్ మధ్య పెట్టి తిప్పితే అది పలకల్ని విడదీయాలని తోస్తుంది, గిన్నెలో రాడ్డు పెట్టి తిప్పితే రాడ్డు ఎక్కుతుంది. దీన్ని మొదటి నార్మల్ స్ట్రెస్ తేడా అంటారు, ఎప్పుడూ ప్లస్సే. 1978లో కిస్, పోర్టర్ ఇద్దరూ పీబీజీ ద్రావణం తిప్పితే మెల్లగా ఉన్నప్పుడు ప్లస్, ఒక మోస్తరు జోరులో మైనస్, అంటే పలకల్ని దగ్గరికి లాక్కుంటోంది, ఇంకా జోరు పెంచితే మళ్లీ ప్లస్. ఇలాంటి రీడింగ్ వస్తే ఎవరైనా ముందు మెషిన్‌నే అనుమానిస్తారు. కానీ మళ్లీ మళ్లీ వచ్చింది. దానికి ఒప్పుకోదగ్గ కారణం రావడానికి పదేళ్లు దాటింది, 1989లో నేపుల్స్ నుంచి మరూచ్చి, మఫెట్టోనె, ఆ మరుసటేడు బెల్ ల్యాబ్స్ నుంచి లార్సన్.

కారణం ఏంటంటే పల్టీలే. కాస్త నెమ్మదిగా చదవండి, థ్రెడ్ మొత్తానికీ కీలకం ఇక్కడుంది. గుంపు పల్టీ కొట్టేటప్పుడు ఫ్లోకి అడ్డంగా వచ్చే క్షణం ఒకటి ఉంటుంది. మెల్లగా తిప్పితే కడ్డీలు ఒకదాన్నొకటి సర్దుకుంటూ గుంపు చెదరకుండా ఆ క్షణం దాటేస్తాయి. జోరు పెరిగేకొద్దీ సర్దుకునే టైం చాలదు, గుంపు చెదురుతుంది, కొన్ని కడ్డీలు ముందు కొన్ని వెనక, అంటే వరస ఊరికే ఉన్నప్పటికంటే తగ్గుతుంది. పోయిన వరస తిరిగి తెచ్చుకోవాలని గుంపు ప్రయత్నిస్తుంటే దాని తోపు మామూలు పాలిమర్‌కి ఎదురు గుర్తులో వస్తుంది. ఆ మైనస్ అదే. ఇంకా జోరు పెంచితే విచిత్రంగా పల్టీ పూర్తవదు, డైరెక్టర్ ఫ్లో దిశకి అటూ ఇటూ ఊగుతుంది, దీన్ని వాగింగ్ అంటారు. ఇంకా పెంచితే ఊగడం కూడా ఆగి ఒక వాలులో నిలిచిపోతుంది. చెదిరిన గుంపుకి ఆగే గుణం ఎక్కువ, బాగా బిగిసి ఉన్న గుంపుకి పల్టీ గుణం ఎక్కువ. మొదటిసారి విన్నప్పుడు ఎవరికైనా తిరకాసుగానే ఉంటుంది, లెక్క మాత్రం అలాగే వస్తుంది.

కాబట్టి కనెక్టర్ గారూ, మీ అమ్మినాయనా, మీ తమ్ముడూ ఒకే మెటీరియల్ గురించి రెండు వేర్వేరు జోరుల దగ్గర మాట్లాడుతూ ఉండొచ్చు.

కనెక్టర్_కష్టాలు
ఇది బాగుంది బాబాయ్ గారూ. మరి మాలాంటి మెషిన్‌లో జోరు ఏ లెక్కలో ఉన్నట్టు?

ఫ్లెక్స్_బోర్డు
0.3 గోడలో అయితే షియర్ రేటు సెకనుకి వేలల్లో ఉంటుంది, గోడ దగ్గర ఇంకా ఎక్కువ. అక్కడ అణువులు ఫ్లో వైపుకే ఉంటాయి, సందేహం పెట్టుకోకండి. నేను అనేదీ అదే, పల్టీలు మీ సమస్య కాదు.

వరంగల్_పాలిమర్
ఫ్లెక్స్ అన్నా, సగమే కరెక్టు. జోరు ఒక్కటే కాదు, ఆ జోరును అణువు ఎంత టైంల సర్దుకుంటదో దాంతోని పోల్చాలె. డోయి, ఎడ్వర్డ్స్ లెక్క ప్రకారం ఇరుకైన ద్రావణంల కడ్డీ తిరిగే స్పీడు పొడవుకు తొమ్మిదో ఘాతం లెక్క పడిపోతది. పొడవు రెండింతలైతే 512 రెట్లు మెల్లగైతది! అందుకే ఒక బ్యాచ్‌ల పల్టీలు కొట్టే జోరుల ఇంకో బ్యాచ్ ఆగిపోవచ్చు, మాలిక్యులర్ వెయిట్ కొంచెం జరిగితే చాలు. కరిగిన ఎల్‌సీపీలల్ల గూడ ఎక్స్‌రే పెట్టి ఫ్లో అయితుండంగనే చూసిండ్రు, ఆగే రకం, పల్టీల రకం, రెండూ కనపడ్డయ్. ‘ద్రావణాల కథ’ అని కొట్టెయ్యలేం.

ఇగ గోడ దగ్గర వేలల్ల ఉన్నది సరే, నడిమిట్ల ఎంతున్నది? సున్నా. గొట్టంల ఏ ఫ్లో తీసుకున్నా సరిగ్గ మధ్యల షియర్ ఉండదు. మరి ఆడ ఎవరు వరసల పెడ్తరు?

గోదారిగట్టు
ఓహో, అందుకేనా ఆయన కోసి చూస్తే బయట పొర ఒకలా లోపల ఒకలా కనిపించింది!

రియాలజీ_బాబాయ్
గట్టు గారు పట్టేశారు. కాకపోతే బయట పొర వరసకి ఎక్కువ మార్కులు షియర్‌కి కాదు, ఫౌంటెన్ ఫ్లోకి వెయ్యాలి. అచ్చులోకి మెటీరియల్ దూసుకొస్తున్నప్పుడు ముందు అంచు దగ్గర మధ్యలో ఉన్నది బయటికి విచ్చుకుని గోడ వైపు మళ్లుతుంది, మళ్లేటప్పుడు బాగా సాగుతుంది, సాగి సాగినట్టే చల్లటి గోడకి తగిలి గడ్డకడుతుంది. ఒట్టి సాగదీత, వెంటనే ఫ్రీజ్. ఈ అణువులు బిగుసు కాబట్టి మామూలు ప్లాస్టిక్‌లా వెనక్కి ముడుచుకోవు, సాగిన వరస సాగినట్టే ఉంటుంది. ఆ కింద పొరలో షియర్ చేసిన వరస, నడుమ కోర్‌లో దాదాపు ఏ దిక్కూ లేని గజిబిజి. గోడ ఎంత పల్చగా ఉంటే అందులో బయటి పొర వాటా అంత ఎక్కువ, అందుకే ఎల్‌సీపీ పార్టు పల్చబడేకొద్దీ గట్టిపడుతుంది, వేరే ప్లాస్టిక్ వాడిన వాళ్లు ఇది నమ్మరు.

ఇంకోటి. మధ్యలో గేటు (అచ్చులోకి మెటీరియల్ వచ్చే దారి) పెట్టి గుండ్రటి పార్టు పోస్తే, మెటీరియల్ చుట్టూ విస్తరించేటప్పుడు మధ్య పొర అడ్డంగా సాగుతుంది కదా, అక్కడ అణువులు ఫ్లోకి అడ్డంగా పడుకుంటాయి! బయట పొర నిలువు, లోపల అడ్డం.

స్పిన్నరెట్
సాగదీత మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా, నేను ఫైబర్ లైన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఈ విషయానికి కెవ్లార్‌ని మించిన ఉదాహరణ లేదు. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ చేసిన ద్రావణం చిక్కగా పారదర్శకంగా ఉండాల్సింది పోయి పల్చగా, మబ్బుగా, కలిపితే మెరుస్తూ వచ్చింది. దారం తీసే మెషిన్ దగ్గర ఆయన దీన్ని నా స్పిన్నరెట్‌లో (దారం బయటికొచ్చే సన్న రంధ్రాల పలక) పొయ్యను, రంధ్రాలు పూడిపోతాయి అన్నాడట. ఆ మబ్బే నెమాటిక్. వడపోసి చూపించి ఆవిడ ఒప్పించాక తీస్తే దారం అప్పటిదాకా చూడనంత గట్టిగా వచ్చింది. ఆవిడ తర్వాత ఎంతో కాలం బతికారు, 2014లో పోయారు, తొంభయ్యేళ్లు.

కానీ ఇప్పుడు మనం చూసే కెవ్లార్ అలా నేరుగా రాలేదు. పాలిమర్‌ని దాదాపు నూరు శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో 20 పర్సెంట్ దాకా కలుపుతారు, సుమారు 80 డిగ్రీలు పెడతారు ఎందుకంటే చల్లారితే గడ్డకడుతుంది. స్పిన్నరెట్‌ని నేరుగా నీళ్ల తొట్టిలో ముంచితే దారం బయటికి రాగానే గడ్డకట్టేస్తుంది, లాగడానికి ఏమీ మిగలదు. 1970 ప్రాంతంలో హెర్బర్ట్ బ్లేడ్స్ స్పిన్నరెట్‌కీ చల్లటి నీళ్లకీ మధ్య ఓ సెంటీమీటరు అటూ ఇటూగా గాలి ఖాళీ పెట్టాడు. అంతే. ఆ ఖాళీలో దారం ఇంకా ద్రవమే, కింద నుంచి జోరుగా లాగుతుంటే సాగి సన్నబడుతుంది, డైరెక్టర్లన్నీ దారం పొడుగునా తిరుగుతాయి, మరు క్షణం నీళ్లలో పడి యాసిడ్ కడుక్కుపోయి గడ్డకడుతుంది. స్పిన్నరెట్ రంధ్రంలో ఎంత షియర్ ఉన్నా రాని వరస ఆ కాస్త గాలిలో వస్తుంది. కెవ్లార్ 29కి మాడ్యులస్ (లాగితే సాగకుండా నిలిచే గట్టిదనం) 70 గిగాపాస్కల్ దగ్గర్లో, 49కి 110 దాటి, రెండూ అదే కెమిస్ట్రీ, తర్వాత టెన్షన్‌లో వేడి చేసి వరస ఇంకా బిగిస్తే వచ్చిన తేడా.

అందుకే మా లైన్‌లో ఎవరూ ‘షియర్ పెంచు’ అనరు, ‘డ్రా పెంచు’, అంటే లాగి సాగదీయడం పెంచు, అంటారు.

ఎమ్మెస్సీ_ఫైనల్
మేడమ్ సూపర్. నా డౌటు కూడా తీర్చండి ఎవరైనా. ప్రాజెక్టు కోసం హెచ్‌పీసీ, అదే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ తీసుకున్నా, ఫార్మాలో టాబ్లెట్ బైండర్‌గా వాడతారు కదా, హైదరాబాద్‌లో దొరకడం కష్టం కాదు. నీళ్లలో 60 పర్సెంట్ పైన కలిపితే ద్రావణం తనే రంగులు చూపిస్తుంది, కొంచెం తక్కువ కలిపితే ఎర్రగా ఎక్కువ కలిపితే నీలం వైపు. సరే అది ఇక్కడ పాయింట్ కాదు. రెండు గాజు స్లైడ్ల మధ్య కొంచెం పెట్టి, పాడైన మానిటర్ లోంచి పీకిన పోలరైజర్ ఫిల్మ్ ముక్కలు కిందొకటి పైనొకటి క్రాస్‌లో పెట్టి, మైక్రోస్కోప్ కింద పై స్లైడ్ లాగా. లాగుతున్నంతసేపు ఒకే రకంగా వెలుగు. ఆపాక కాసేపటికి సన్నటి చారలు వచ్చాయి, నలుపు తెలుపు నలుపు తెలుపు, కానీ లాగిన దిశలో కాదు, దానికి అడ్డంగా!! అణువులు లాగిన వైపుకి ఉంటే చారలు అడ్డంగా ఎందుకు వస్తాయి? మా గైడ్ సార్‌ని అడిగితే ‘మంచి ప్రశ్న, చదువు’ అన్నారు.

వరంగల్_పాలిమర్
తమ్మీ, నువ్వు చూసినవి బ్యాండెడ్ టెక్స్చర్. పీబీజీల, హెచ్‌పీసీల, కెవ్లార్ పాలిమర్‌ల గూడ కనపడ్తయ్. చార అడ్డంగ ఉన్నదంటే అణువు అడ్డంగ ఉన్నదని కాదు. లాగినప్పుడు సాగిన గుంపులల్ల ఎలాస్టిక్ శక్తి నిలువైతది, ఆపంగనే అది సడలాలె, మొత్తం ఒకేసారి తిరగలేదు కాబట్టి లాగిన గీతకు కొంచెం ఎడమకు, తర్వాత కొంచెం కుడికి, మళ్ల ఎడమకు, అట్ల వంకరటింకరగ డైరెక్టర్ సర్దుకుంటది. క్రాస్ పోలరైజర్ల ఎడమ వాలు ఒక వెలుగు, కుడి వాలు ఇంకో వెలుగు. నువ్వు స్లైడ్‌ని అటు ఇటు కొన్ని డిగ్రీలు తిప్పి చూడు, నల్ల చారలు తెల్లగ, తెల్లయి నల్లగ అయితయ్. అట్ల మారినయంటే అవి వంకరలే. నీళ్లు ఆరిపోయినంక గూడ చారలు ఫిల్మ్‌ల అట్లనే ఉండిపోతయ్, దాచుకోవచ్చు.

స్పిన్నరెట్
ఇంకో మాట బాబూ, కలిపేటప్పుడు త్వరగా కరుగుతుందని వేడి చెయ్యకు. హెచ్‌పీసీ చల్లటి నీళ్లలో కరుగుతుంది, 40 డిగ్రీలు దాటి కాస్త పోగానే విడిపోయి తెల్లబడుతుంది. గాలి బుడగలు పోవడానికి మూతపెట్టి వదిలెయ్, ఓపిక కావాలి.

ఎమ్మెస్సీ_ఫైనల్
తిప్పి చూశా అన్నా, మారాయి!!! థాంక్యూ. మేడమ్ వేడి విషయం ముందే చెప్పుంటే ఒక బీకరు మిగిలేది 🙏

గోదారిగట్టు
నాకో సందేహమండీ. ఇన్ని గుంపులు, ఒక్కోటి ఒక్కో దిక్కు, ఒక్కోటి ఒక్కో టైంలో పల్టీ కొడుతుంటే, బయట నుంచి చూసేవాడికి అది పల్టీ అని ఎలా తెలుస్తుంది? అన్నీ కలిసి సగటు అయిపోవా?

రియాలజీ_బాబాయ్
అయిపోతాయి, అందుకే కనిపెట్టడం కష్టమైంది. ఉపాయం ఏంటంటే తిప్పే దిశ హఠాత్తుగా మార్చడం. ఒక వైపు చాలాసేపు తిప్పి, రెండో వైపు తిప్పితే కాసేపు గుంపులన్నీ దాదాపు ఒక లయలో తిరుగుతాయి, స్ట్రెస్ రీడింగు పైకీ కిందకీ ఊగుతుంది, తర్వాత లయ తప్పి ఊగడం చచ్చిపోతుంది. తిప్పే స్పీడు మార్చి చూసినా ఆ ఊగుళ్లు అదే షియర్ యూనిట్ల దగ్గర వస్తాయి, సెకన్ల లెక్కలో కాదు. జెఫరీ గారి పరకకి ‘ఎంత దూరం’ అన్నదే లెక్క అన్నాను గుర్తుందా, గుంపుకీ అదే వర్తించింది. వెలుగు పంపి చూసినా అవే ఊగుళ్లు దొరుకుతాయి. ఈ గుంపుల గజిబిజి వల్లే విస్కాసిటీ గ్రాఫు కూడా మామూలు పాలిమర్‌లా రాదు, బాగా మెల్లగా ఉన్నప్పుడు కూడా తగ్గుతూనే ఉంటుంది, మధ్యలో కాసేపు సమంగా, మళ్లీ తగ్గుతుంది. 1980లో ఒనోగి, అసాదా ఈ మూడు ప్రాంతాలకి పేర్లు పెట్టారు.

కనెక్టర్_కష్టాలు
అందుకేనా ఎల్‌సీపీకి ఫ్లాష్ (అచ్చు సందుల్లోకి కారే పల్చటి రేకు) రాదు? జోరుగా తోస్తే పల్చన, సందు దగ్గర జోరు తగ్గగానే చిక్కన?

రియాలజీ_బాబాయ్
అదొక కారణం, గడ్డకట్టే స్పీడు రెండో కారణం.

ఫ్లెక్స్_బోర్డు
సరే, థియరీ మీద గెలవలేను, ప్రాక్టికల్‌కి వస్తా. మేం యాంటెన్నా సర్క్యూట్‌లకి ఎల్‌సీపీ ఫిల్మ్ వాడతాం, తేమ పీల్చదు, హై ఫ్రీక్వెన్సీలో లాస్ తక్కువ. ఫిల్మ్‌ని మామూలు స్లాట్ డై లోంచి తీస్తే పొడుగునా గట్టిగా ఉంటుంది, అడ్డంగా లాగితే దారాలు దారాలుగా విడిపోతుంది, చేత్తో చింపొచ్చు. రాగి రేకుతో అతికిస్తే ఒక వైపు వేడికి సాగదు, రెండో వైపు సాగుతుంది, బోర్డు మెలి తిరుగుతుంది. దీనికి కొందరు గొట్టపు డై వాడతారు, లోపలి గోడ ఒక వైపు బయటి గోడ ఎదురు వైపు తిరుగుతుంది, రెండు ముఖాల్లో అణువులు ఎదురెదురు వాలుల్లో పడతాయి, తర్వాత గాలి ఊది రెండు వైపులా సాగదీస్తారు. అంటే మా పని మొత్తం వరసని చెడగొట్టడమే. స్పిన్నరెట్ మేడమ్ వరస కోసం చచ్చేది, మేం వరస వద్దని చచ్చేది, మెటీరియల్ అదే.

స్పిన్నరెట్
😂😂 నిజమే

కనెక్టర్_కష్టాలు
ఇంక నా వెల్డ్ లైన్ సంగతి తేల్చండి పెద్దలూ. మెల్ట్ టెంపరేచర్ పెంచాను, హోల్డ్ ప్రెషర్ పెంచాను, ఇంజెక్షన్ స్పీడ్ పెంచాను, పెద్ద మార్పు లేదు. నైలాన్‌లో అయితే ఈ మూడింటితో సర్దుకునేది.

రియాలజీ_బాబాయ్
నైలాన్ అణువు దారంలా మెత్తన, రెండు అంచులు కలిసిన చోట ఒకదాంట్లోకి ఇంకోటి దూరి ముడిపడుతుంది, వేడి పెంచితే ఇంకా బాగా దూరుతుంది. ఇక్కడ పైన చెప్పుకున్న ఫౌంటెన్ ఫ్లో గుర్తు తెచ్చుకోండి. ముందు అంచులో అణువులు అంచుకి సమాంతరంగా సాగి పడుకుని వస్తాయి. ఎదురు నుంచి వచ్చే అంచూ అంతే. రెండూ ముఖాముఖీ తగిలితే రెండు వైపులా అణువులు అతుకు గీత వెంబడే పడుకుని ఉంటాయి, దాటి అవతలికి వెళ్లేది ఒక్కటీ ఉండదు, కడ్డీలు కాబట్టి తర్వాత ముడిపడేదీ లేదు. గ్లాస్ ఫైబర్లు కూడా అదే దారి, గీత వెంబడే. కాబట్టి వేడితో అతికేది కాదు, ఆ గీత ఎక్కడ పడాలో మార్చాలి. గేటు జరిపి గీతని బరువు పడని చోటికి నెట్టండి. జరపడం కుదరకపోతే గీత పడే చోటుకి పక్కన చిన్న ఓవర్‌ఫ్లో పాకెట్ ఇవ్వండి, కలిసిన తర్వాత కూడా మెటీరియల్ అందులోకి కదిలితే గీత అడ్డంగా సాగి చెదురుతుంది, కొన్ని అణువులూ ఫైబర్లూ గీత దాటి తిరుగుతాయి. అతుకు తర్వాత ఫ్లో ఆగిపోకపోవడమే కిటుకు.

ఫ్లెక్స్_బోర్డు
దీంతో నూటికి నూరు ఏకీభవిస్తా. వెంట్ కూడా ఆ గీత దగ్గరే ఇవ్వండి, చిక్కిన గాలి కాలి నల్లగా అయితే ఉన్న బలం కూడా పోతుంది. గ్లాస్‌తో పాటు మినరల్ కలిపిన గ్రేడు అడగండి, ఫ్లో దిశకీ అడ్డదిశకీ తేడా తగ్గుతుంది, వంకర కూడా తగ్గుతుంది.

కనెక్టర్_కష్టాలు
గేటు ఇప్పుడు పొడుగు వైపు మధ్యలో ఉంది, చివరకి మారిస్తే గీత ఆఖరి పిన్ను అవతలికి పోతుంది, అక్కడ ఓవర్‌ఫ్లోకి చోటుంది. టూల్ రూమ్‌లో మాట్లాడతా, ఇన్సర్ట్ మారిస్తే చాలేమో. గ్రేడు మార్పు మాత్రం కస్టమర్ ఒప్పుకోవాలి, అది నా చేతిలో లేదు. మా తమ్ముడికి ఈ థ్రెడ్డు లింకు పంపా, “వాగింగ్ గురించి కూడా చెప్పారా, బాగుంది” అని ఒక్క ముక్క రాశాడు.

వరంగల్_పాలిమర్
చివర గేటు పెడ్తే పొడుగునా వరస ఇంక పెరుగుతది, అడ్డంగ కుంచించుడు ఎక్కువైతది, పొడుగునా ఏం తగ్గదు. పిన్నుల పిచ్ కొలతలు కొత్త ట్రయల్‌ల మళ్ల తీస్కో అన్నా, పాతయి పనికిరావు.

కనెక్టర్_కష్టాలు
అది అనుకోలేదు తమ్ముడూ, పిచ్ టాలరెన్స్ చాలా టైట్. స్టీల్ కొంచెం సేఫ్ సైడ్ ఉంచి కోయమని చెప్తా, మొదటి షాట్లు కొలిచాక ఫైనల్ చేద్దాం. ఫోటోలు పెడతా.

స్పిన్నరెట్
కోసిన ముక్క ఫోటో కూడా పెట్టండి, బయట పొర ఎంత మందం వచ్చిందో చూడాలని ఉంది. పాత గేటుదీ కొత్త గేటుదీ పక్కపక్కన.